పరిహారం లెక్కకు అందని పద్దులు: మన నవలలు, భూమి చట్టాలు

'వేయిపడగలు' పాఠం చెబుతున్న రోజుల్లో తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. అతనిది కోలారు ప్రాంతంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబం. తాత ఆ ఊరి చెరువుకు నీరుగంటి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంత నీరు పారాలో చూడడం ఆయన పని. అందుకు ప్రతిఫలంగా కొద్దిపాటి మాన్యం ఉండేది.

"సార్, నవలలో జమీ పోతోందని అందరూ బాధపడతారు. జమీందార్లకు సర్కారు పరిహారం కూడా ఇచ్చిందన్నారు. మా తాత మాన్యం పోయినప్పుడు ఆ భూమినే మళ్ళీ రాయించుకోవడానికి ఆయన ఎదురు డబ్బు కట్టాడు. అందుకోసం ఆవుల్ని అమ్మాడని మా నాయనమ్మ చెప్పేది. ఈ సంగతి ఏ నవలలో ఉంది?" అన్నాడు.

అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇల్లు చేరాక నాకు తెలిసిన నవలలనూ నాటకాలనూ ఒకటొకటిగా గుర్తుచేసుకున్నాను. ఆ ప్రశ్న ఒక్క కుటుంబపు గోడు మాత్రమే కాదని, మన సాహిత్యాన్ని చదివే పద్ధతినే అది నిలదీస్తోందని తోచింది. వారసత్వంగా వచ్చిన భూమి హక్కును చట్టం తీసివేసినప్పుడు నష్టపోయింది ఎవరు? ఆ నష్టాన్ని లెక్క కట్టింది ఎవరు? చట్టం వదిలేసిన పద్దుల్ని సాహిత్యమైనా రాసుకుందా? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

ముందుగా మాట సంగతి చూద్దాం. తెలుగులో 'పరిహారం' అంటే తొలగించడం, పోగొట్టడం. దోషపరిహారం, పాపపరిహారం అన్న వాడుకలు అందరికీ తెలిసినవే. ఆ మాటే న్యాయస్థానాల తెలుగులోకి వచ్చి, నష్టానికి బదులుగా ఇచ్చే డబ్బు అయింది. కన్నడంలోనూ 'పరిహార'యే. తమిళంలో 'ఇళప్పీడు' అంటారు. పోగొట్టుకున్నదానికి ఈడు అయినది అని దాని అర్థం. ఆ 'ఈడు' మన తెలుగులోనూ ఉంది. ఒడియాలో 'క్షతిపూరణ', మరాఠీలో 'నుక్సాన్ భర్పాయీ'. ఈ రెండూ లోటును పూడ్చడాన్నే చెబుతాయి.

చుట్టూ ఉన్న భాషలు పోగొట్టుకున్నవాడి వైపు నుంచి మాట కట్టుకున్నాయి. మన మాటలో మాత్రం దోషం పోగొట్టుకోవడమన్న ఛాయ ఇంకా మిగిలి ఉంది. ఇచ్చేవాడు తన మీది దోషాన్ని తొలగించుకుంటాడు, పుచ్చుకునేవాడి లోటు తీరిందా లేదా అన్నది వేరే సంగతి. భూసంస్కరణల చరిత్ర చదువుతుంటే ఈ తేడా పదే పదే గుర్తుకొస్తుంది. రెండు మూడు భాషల మధ్య బతికే మన విద్యార్థులకు ఇలాంటి తేడాలు ఇంటి గడపలోనే దొరుకుతాయి. ఆ అదృష్టాన్ని వారు తక్కువగా చూడకూడదు.

2

మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు, రైత్వారీగా మార్పు చట్టం 1948లో వచ్చింది. ఆంధ్ర ప్రాంతపు జమీలతో పాటు తమిళదేశంలోని జమీన్లకూ అదే వర్తించింది. తెలుగు మాట్లాడే నాయకరాజుల ఎట్టయాపురం అందులో ఒకటి. యానాం అప్పటికి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది గనక ఆ చట్టం అక్కడిదాకా పోలేదు.

1802 నాటి శాశ్వత పైసలా జమీందార్లకు కట్టబెట్టిన హక్కును ఈ చట్టం రద్దు చేసి, ఎస్టేటు మొత్తాన్ని సర్కారుకు దఖలు పరిచింది. అలా దఖలైన వాటి జాబితా చదవదగ్గది. ఉమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, పచ్చిక బయళ్ళు, లంకలు, అడవులు, గనులు, నదులు, చెరువులు, చేపల రేవులు, బల్లకట్లు అన్నీ అందులో ఉన్నాయి. ఒక్క వాక్యంలో ఊరు మొత్తం కనిపిస్తుంది.

పరిహారం లెక్క వేరే అధ్యాయంలో ఉంది. ఎస్టేటు మీద రాదగిన రైత్వారీ శిస్తులో ఒక భాగాన్నీ, అడవులు మొదలైన బాబతుల సగటు ఆదాయాన్నీ కలిపి, తగ్గింపులు పోగా 'ప్రాథమిక వార్షిక మొత్తం' తేలుస్తారు. దాన్ని కొన్ని రెట్లు చేసి ఇస్తారు. ఆ మొత్తం వెయ్యి రూపాయలకు మించకపోతే 30 రెట్లు. పైకి పోయినకొద్దీ రెట్లు తగ్గి, లక్ష దాటినవారికి 12½ రెట్లు. అంటే చిన్నవాడికి ఎక్కువ రెట్లు, పెద్దవాడికి తక్కువ. పోయిన ఆస్తి ఎంత అన్నదొక్కటే కాక, దాని మీద బతుకు ఎంతగా ఆధారపడి ఉంది అన్నదాన్నీ చట్టం కొంత పట్టించుకుందన్న మాట. ఇది మెచ్చుకోవలసిన విషయం.

ఆ సొమ్మును పంచడానికి ట్రిబ్యునళ్ళు ఏర్పడ్డాయి. అప్పులవాళ్ళు, మనోవర్తిదారులు, జమీందారు సంతానం తమ తమ వాటాలు కోరవచ్చు. పెద్ద కొడుక్కే చెందుతూ వచ్చిన అవిభాజ్యపు జమీ, రొక్కంగా మారగానే వాటాలు వేసే ఆస్తి అయింది. తరాల ఆచారం ఒక్క చట్టంతో కదిలిపోయింది. ఈ ఒక్క సంగతి మీద మంచి నవల రాయవచ్చు.

అయితే లెక్క మొదలైన చోటే ఒక హద్దు కూడా పడింది. పరిహారం ఆదాయం మీద కట్టారు. ఆదాయమంటే జమీందారు చేతికి వచ్చేది, దస్త్రంలోకి ఎక్కేది. కళ్ళంలో చాకలికీ మంగలికీ వడ్రంగికీ కొలిచే మేర ఆ దస్త్రంలో లేదు. పచ్చిక బయల్లో గొర్రెలు మేపుకునే అలవాటు లేదు. అడవిలో కట్టెపుల్ల ఏరుకునే వాడుక లేదు. రైతు కింద వారానికి చేసేవాడు, పాలేరు, ఊరికి వెలుపల ఉండి ఊరి పని చేసేవాడు, వీరెవరూ ఆ లెక్కకు రాలేదు. రైతుకు పట్టా వచ్చింది, జమీందారుకు కమతం భూమి, రొక్కం వచ్చాయి. మిగిలినవాళ్ళు పోగొట్టుకున్నదాన్ని 'హక్కు' అని ఎవరూ అనలేదు గనక పరిహారం ప్రసక్తే రాలేదు.

నీరుగంటి మనవడి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. మిగతా సగం మైసూరు చట్టంలో ఉంది. వంశపారంపర్య గ్రామోద్యోగాల రద్దు చట్టం 1961లో వచ్చి 1963లో అమలైంది. ఉద్యోగం రద్దయింది, మాన్యం సర్కారుకు చేరింది. ఆ భూమిని పాత అనుభవదారుకే మళ్ళీ మంజూరు చేసే ఏర్పాటు ఉన్నా, అందుకు అతను స్వాధీనపు కిమ్మత్తు కట్టాలి. పుట్టుకతో వచ్చే ఉద్యోగాన్ని తీసివేయడం సరైన పనే. కులాన్ని చాకిరీకి కట్టేసిన తాడు తెగింది. కాని తాడు తెంపినందుకు కూలి కూడా కట్టబడినవాడి దగ్గరే వసూలు చేయడం న్యాయమా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

3

పరిహారం ఎంత అన్న ప్రశ్నకు ముందు, సొత్తు ఎవరిది అన్న ప్రశ్న ఉంటుంది. 1937లో మద్రాసు మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. 1938లో నివేదిక వచ్చింది. భూమికి యజమాని రైతేనని, జమీందారు శిస్తు వసూలు చేసే మధ్యవర్తి మాత్రమేనని దాని సారాంశం. ఇది చట్టానికి సంబంధించిన వాదమే అయినా ఒక కథ కూడా. ఈ కథ నిజమైతే జమీందారుకు పరిహారం ఎందుకు? వసూలు పని మానిపించిన వాడికి మహా అయితే కొంత భరణం చాలు. జమీందార్లు చెప్పుకున్న కథ వేరు. తమ పూర్వులు కత్తిపట్టి సంపాదించిందీ, కంపెనీవారు సన్నదు రాసి ఒప్పుకున్నదీ ఆ కథలో ఉన్నాయి. అది నిజమైతే పూర్తి విలువ కట్టి ఇవ్వాలి. 1948 చట్టం ఏ కథనూ పూర్తిగా నమ్మలేదు, ఏదీ పూర్తిగా కాదనలేదు. మధ్యేమార్గంగా రెట్ల పట్టిక వేసింది.

ఒడిశాలోని మన విద్యార్థులకు పర్లాకిమిడి వ్యాజ్యం గుర్తు చేయాలి. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెబుతూ వ్యావహారిక భాషోద్యమాన్ని పెంచిన ఊరు అది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జమీ రెండు రాష్ట్రాల మధ్య చీలింది. తరవాత ఒడిశా ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చినప్పుడు మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పరిహారాన్ని నికరాదాయం మీద కడతారు. నికరాదాయం తేల్చేటప్పుడు వ్యవసాయాదాయపు పన్నును తీసివేస్తారు. రద్దుకు ముందు 1950లో ఆ పన్నును పెంచారు. పరిహారం తగ్గించడానికే పన్ను పేరుతో ఈ పని చేశారని ఆయన వాదన. శాసనసభకు అధికారం ఉన్న విషయంలో దాని మనసులోని ఉద్దేశాన్ని కోర్టు వెదకదని 1953లో తీర్పు వచ్చింది. ఆయన ఓడిపోయారు. ఆ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుతారు. సాహిత్య విద్యార్థులు గమనించవలసింది ఇంకొకటి. కోర్టు దాకా వెళ్ళి తన నష్టాన్ని వాదించుకోగల శక్తి ఒక మహారాజుకు ఉంది. ఓడినా ఆయన మాట తీర్పులో అచ్చయి నిలిచింది. నీరుగంటి మాట నాయనమ్మ నోట మాత్రమే మిగిలింది.

రాజ్యాంగంలోనూ ఈ మాటే నలిగింది. పరిహారమంటే పోయినదానికి సరైన సమాన విలువ అని సుప్రీంకోర్టు 1953 చివర అన్నది. అది చాలినంతగా ఉందా లేదా అని కోర్టులు చూడరాదని 1955లో రాజ్యాంగ సవరణ వచ్చింది. 1971 సవరణ 'పరిహారం' అన్న మాటనే తీసేసి 'మొత్తం' అని పెట్టింది. 1978 సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచే వెళ్ళిపోయి, చట్టం మేరకు దక్కే హక్కుగా మిగిలింది. పాతికేళ్ళ పాటు దేశం ఒక్క మాట అర్థం మీద పెనుగులాడింది. ఆ పెనుగులాటలో మన రచయితలు ఏం చేశారో ఇప్పుడు చూద్దాం.

4

విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' 1934 నాటిది. చట్టానికి పద్నాలుగేళ్ళు ముందుది గనక అందులో పరిహారం ప్రస్తావన వెదకడం తప్పు. అయినా జమీ అనే వ్యవస్థ కూలితే ఏమేం పోతాయో ఆ నవల చూపినంతగా తెలుగులో మరే నవలా చూపలేదు. సుబ్బన్నపేటలో పోయేది జమీందారు ఆదాయం ఒక్కటే కాదు. గుడిలో నృత్యం పోతుంది, గణాచారి పలుకు పోతుంది, పంటచేలను ఆశ్రయించిన పసిరిక పోతాడు. చట్టపు దస్త్రంలో పద్దు లేనివన్నీ ఇక్కడ పాత్రలై నిలిచాయి. ఇది ఆ నవల గొప్పతనం. దాని అభిప్రాయాలతో ఏకీభవించని వాళ్ళు కూడా దీన్ని ఒప్పుకోవాలి.

దాని లోపం కూడా అక్కడే ఉంది. ఇన్ని రకాల నష్టాలను నవల ఒకే గొడుగు కింద చేర్చింది. జమీందారు క్షేమంగా ఉంటే అందరూ క్షేమం, ఆయన పోతే అందరూ పోయినట్టే. గణాచారికీ గిరికకూ తమవంటూ హక్కులు ఉండవు. ఉన్నవల్లా ధర్మంలో ఒక స్థానం, ఆ స్థానాన్ని కాపాడే ప్రభువు. నష్టాన్ని ఇంత విస్తారంగా చూసిన రచయిత, ఆ నష్టం ఎవరెవరికి ఎంతెంత అని విడదీయడానికి ఇష్టపడలేదు. విడదీస్తే ధర్మమనే ఏకత్వం చెడుతుందని ఆయన భయం కావచ్చు.

దీనికి పక్కన ఒక వాస్తవం పెట్టి చూడాలి. నవల రావడానికి ఐదేళ్ళ ముందే, 1929లో, డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి కృషి ఫలితంగా మద్రాసు దేవాదాయ చట్టానికి ఒక సవరణ వచ్చింది. గుడిసేవ షరతు మీద దేవదాసి అనుభవిస్తున్న ఇనాం భూమిని, ఆ షరతు తొలగించి ఆమెకే ఉంచే ఏర్పాటు అందులో ఉంది. సేవ పోవాలి, జీవనాధారం పోకూడదు అన్నది దాని సూత్రం. దేవదాసీ విధానం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, వారసత్వపు హక్కును సంస్కరించేటప్పుడు పాటించదగిన పద్ధతి ఇదే. గిరికను దైవానికి అంకితమైన కళగా చూసిన నవలకు, గిరిక లాంటి స్త్రీ పేర ఒక భూమి పట్టా ఉండవచ్చునన్న ఊహ రాలేదు. ఆమెకు దక్కింది మోక్షం. పట్టా కాదు.

ఈ నవలను హిందీలోకి 'సహస్రఫణ్' పేరుతో అనువదించినవారు పి.వి. నరసింహారావు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం రూపుదిద్దుకొని, 1973 సంవత్సరపు మొదటి చట్టంగా వెలువడింది. పాత వ్యవస్థ పోతోందని విలపించిన నవలను ప్రేమించి అనువదించిన చేయి, ఆ వ్యవస్థ శేషాన్ని కత్తిరించే చట్టానికీ పూనుకుంది. ఇందులో వైరుధ్యం ఉందని కొందరంటారు. నాకు అలా తోచదు. పోయినదాన్ని ప్రేమించడం, అది పోవాలని ఒప్పుకోవడం ఒకే మనిషిలో ఉండగలవు. మంచి పాఠకుడికి ఈ రెండూ ఉండాలి.

5

ఎదుటి పక్షపు సాహిత్యానికి వద్దాం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' జమీందారీ దౌష్ట్యాన్ని తెరకెక్కించింది. దాన్ని నిర్మించిన సారథి సంస్థ వెనక ఉన్నది చల్లపల్లి రాజావారే కావడం, మరికొందరు జమీందార్లు ఆ చిత్రాన్ని అడ్డుకోజూడడం చిత్ర చరిత్రలో తెలిసిన సంగతులు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం తెలంగాణ పల్లెను రంగస్థలం మీదికి తెచ్చి, నిషేధానికి గురైంది. ఈ రచనలకు పరిహారం అన్న ఆలోచనే పరాయిది. దోచుకున్నవాడికి ఎదురు డబ్బు ఇవ్వడమేమిటన్నది వాటి ప్రశ్న. ఆ ప్రశ్నకు బలముంది. ప్రకాశం నివేదిక మర్యాదగా చెప్పినదాన్నే ఇవి గొంతెత్తి చెప్పాయి.

కాని ఇక్కడా ఒక పద్దు తప్పిపోయింది. 'మా' అన్న మాటలో ఎవరెవరున్నారు? పట్టా రైతు, కౌలుదారు, పాలేరు, వెట్టివాడు అందరూ పోరాటంలో ఒకే 'మా' అయ్యారు. గెలిచాక చట్టం వచ్చి ఆ 'మా'ను విడదీసింది. హైదరాబాదు కౌలుదారీ చట్టం 1950లో 'రక్షిత కౌలుదారు' అన్న పేరు పెట్టి కొందరికి హక్కు తెచ్చింది. ఆ పేరు దక్కనివాళ్ళు ఎప్పటిలాగే మిగిలారు. పేరు పెట్టడం ముందు, హక్కు తరవాత, పరిహారం ఆ తరవాత. పోరాట సాహిత్యం చివరి మెట్టు మీద మనసు పెట్టి మొదటి మెట్టును తొందరగా దాటేసింది. 'వేయిపడగలు' అందరినీ ప్రభువులో కలిపింది, 'మా భూమి' అందరినీ ప్రజలో కలిపింది. విడివిడి మనుషుల పద్దులు రెండుచోట్లా కలగాపులగమయ్యాయి.

వీటన్నిటికీ ముందే వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) ఈ విషయంలో ఎక్కువ దూరం చూసింది. రామదాసు కుటుంబం కథగా నడిచే ఆ నవలలో భూమి, కూలి, కులం వేరుచేయరాని ముడిగా కనిపిస్తాయి. చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోవడం దస్త్రంలోకి ఎక్కని నష్టాలలోకెల్లా పెద్దది. భూమి మీద చెమట కార్చినవాడి హక్కును చట్టం ఇంకా హక్కనని రోజుల్లోనే ఆ నవల దాన్ని హక్కుగా చూసింది. 1948 చట్టం రాసినవాళ్ళకు ఈ పుస్తకం తెలియనిది కాదు. తెలిసినా లెక్కలోకి రాలేదు.

6

మన చుట్టూ ఉన్న భాషల్లో ఈ పద్దులకు చోటు దొరికిందా? ఆంధ్రదేశం వెలుపల చదువుకునే విద్యార్థులు ఈ పని చేయగలరు, అక్కడివారికి ఇది అంత సులువు కాదు. ఫకీర్‌మోహన్ సేనాపతి ఒడియా నవల 'ఛ మాణ ఆఠ గుంఠ'లో మొత్తం కథ ఒక సాలె దంపతుల చిన్న చెక్క చుట్టూ తిరుగుతుంది. ఆ చెక్క కొలతే నవలకు పేరు. భగియా, సారియాల భూమి తాకట్టు కాగితం మీద మంగరాజు పాలవుతుంది. చివరికి మంగరాజూ దాన్ని అనుభవించడు. నవల పేరులోనే గుంఠలతో సహా లెక్క చెప్పిన రచయితను తలచుకుంటే, మన నవలలు లెక్కకు ఎంత దూరంగా నిలిచాయో తెలుస్తుంది.

శివరామ కారంత కన్నడ నవల 'చోమన దుడి'లో చోముడికి ఉన్న కోరిక ఒక్కటే, సొంతంగా ఇంత నేల దున్నుకోవాలని. అతనికి పోగొట్టుకోవడానికి హక్కే లేదు. హక్కు పుట్టకుండా ఆపడమే అతనికి జరిగిన నష్టం. ఇలాంటి నష్టాన్ని ఏ పరిహారపు పట్టికలో వేస్తారు?

తమిళనాడు విద్యార్థులకు కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' (1976) ఇంటి పుస్తకం. తెలుగుదేశం నుంచి తరలిపోయిన కుటుంబాలు అడవి కాల్చి, నేల చదును చేసి, కరిసల్ భూమిలో ఊరు కట్టుకున్న కథ అది. అక్కడ హక్కుకు మూలం సన్నదు కాదు, పట్టా కాదు. చెమట, జ్ఞాపకం. మన ముందుతరాల హక్కు గురించి తెలుగువారు తమిళంలో చదువుకోవలసి రావడం విచిత్రమే అయినా సిగ్గుపడవలసింది కాదు. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ పుస్తకానికి ఒక పేజీ ఉండాలని మాత్రం అడగాలి.

7

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. నవల రెవెన్యూ దస్త్రం కాదు కదా, లెక్కలు తప్పాయని దాన్ని తప్పుపట్టడం విమర్శ అవుతుందా? సమంజసమైన ప్రశ్నే. ఎకరాల లెక్క నవలాకారుణ్ణి అడగడం లేదు. నష్టపోయినవాణ్ణి నష్టపోయినవాడిగా గుర్తించాడా అని అడుగుతున్నాను. చట్టం తన లెక్కను తనంతట తాను కనిపెట్టదు. సమాజం ఎవరి దుఃఖాన్ని దుఃఖమంటుందో వారినే చట్టమూ చూస్తుంది. ఆ చూపును తయారుచేసే పనిలో సాహిత్యానికి పెద్ద పాలు ఉంది.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. వారసత్వపు హక్కుల్లో చాలాభాగం అన్యాయం మీద నిలిచినవే. వాటిని తీసేసినందుకు పరిహారం ఇవ్వడమంటే అన్యాయానికి వెల కట్టడం కాదా? నిజమే. అందుకే హక్కు పుట్టుకను బట్టి కాక, అది పోతే బతుకు ఏమవుతుందన్నదాన్ని బట్టి పరిహారం నిర్ణయించాలని నా అభిప్రాయం. లక్ష దాటిన జమీకి 12½ రెట్లు ఇచ్చిన చట్టం, వెయ్యి లోపు ఎస్టేటుకు 30 రెట్లు ఇచ్చినప్పుడు ఈ సూత్రాన్ని సగం ఒప్పుకుంది. ఆ నిచ్చెనను ఇంకా కిందికి దించి నీరుగంటి దాకా, మేర పుచ్చుకునే చాకలి దాకా, వారానికి చేసేవాడి దాకా తెచ్చి ఉంటే న్యాయం పూర్తయ్యేది. నిచ్చెన చివరి మెట్టు పట్టాదారు దగ్గర ఆగిపోయింది.

తరవాతి కాలంలో చట్టం కొంత నేర్చుకుంది. 2013 నాటి భూసేకరణ చట్టం భూమి లేని కూలీలను, కౌలుదార్లను, చేతివృత్తులవారిని కూడా బాధిత కుటుంబాలుగా పేర్కొంది. సేకరణకు ముందు మూడేళ్ళు ఆ భూమి మీద ఆధారపడి బతికితే చాలు. అది సర్కారు భూమి తీసుకున్నప్పటి సంగతి, హక్కుల చట్టమే మారినప్పటిది కాదు. అయినా 1948లో పేరు లేనివారికి 2013లో ఒక పేరు వచ్చింది. ఆ అరవై ఐదేళ్ళలో మన సాహిత్యం ఆ పేరు పెట్టడానికి ఎంత సాయపడిందన్నది నిజాయితీగా వేసుకోవలసిన ప్రశ్న.

విద్యార్థులకు ఒక మనవి. మీ ఇళ్ళల్లో పాత పెట్టెలు వెదకండి. పట్టాలు, రశీదులు, మాన్యపు కాగితాలు, కోర్టు నకళ్ళు దొరికితే తేదీలతో రాసిపెట్టండి. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మాన్యం, మేర, మిరాసీ, వారం అన్న మాటలు మీ ఊళ్ళో ఏ అర్థంలో వాడేవారో అడగండి. అది ఒక సిద్ధాంత వ్యాసానికి చాలినంత సామగ్రి. ఏదో ఒకనాడు ఒక నవలకూ చాలవచ్చు.

ఆ నీరుగంటి మనవడు తన పరిశోధనకు ఇప్పుడు ఇదే విషయం ఎన్నుకున్నాడు. ఆవులు అమ్మిన సంవత్సరం ఏదో నాయనమ్మకు గుర్తులేదట. చెరువు నిండిన ఏడాది అని మాత్రం చెప్పిందట. ముందుగా ఆ ఏడాది ఏదో తేల్చమని చెప్పాను.